పిట్టల పద్దు

మే నెల. ఇంకా ఎండ ఎక్కలేదు. ఆరు గంటలకే ఆడవాళ్ళంతా చెరువులో ఉన్నారు.

చెరువులో నీళ్ళు లేవు. ఒక మూల చిన్న మడుగు మిగిలింది. మిగతాదంతా నెర్రెలిచ్చిన నేల. ఉపాధి పని నడుస్తోంది. పూడిక తీస్తున్నారు. కొందరు గునపంతో తవ్వుతున్నారు. కొందరు తట్టలకెత్తి కట్ట మీద పోస్తున్నారు.

ఒక పిట్ట అరవడం మొదలు పెట్టింది. నెత్తి మీద తిరుగుతోంది. కిందికి దిగుతోంది. మళ్ళీ పైకి లేస్తోంది. అరుపు మాత్రం ఆపడం లేదు.

"తీతువు! పొద్దున్నే దీని మొహం చూశాం" అంది ఒక ముసలామె. "రాత్రి కూడా మా ఇంటి మీదగా అరుచుకుంటూ పోయింది. ఎవరింటికి మూడిందో ఏమో!"

తట్ట కింద పెట్టి ఒకామె మట్టిపెళ్ళ తీసింది. పిట్ట మీదికి విసరబోయింది.

"ఆగు వదినా!" అని గట్టిగా అరిచింది పక్కనున్న చిన్నామె. ఆమె ముసలామె కోడలే. "అడుగు ముందుకు వెయ్యొద్దు. కింద చూడు."

కింద ఏముంది? మొదట ఎవరికీ ఏమీ కనపడలేదు. మట్టిపెళ్ళలు, గులకరాళ్ళు. వంగి చూస్తే అప్పుడు తెలిసింది. ఆ గులకరాళ్ళలో నాలుగు రాళ్ళు కావు. గుడ్లు! బూడిద, గోధుమ కలిసిన రంగు. వాటి మీద నల్ల మచ్చలు. సన్నటి మొనలు లోపలికి పెట్టి, నాలుగూ ఒక చోట చేరి ఉన్నాయి. గూడు లేదు. పుల్ల లేదు. నేల మీద చిన్న గుంట, దాని చుట్టూ నాలుగు రాళ్ళు. అంతే.

గుడ్లు ఉన్న చోటు ఆ రోజు తవ్వాల్సిన గుంటలో పడింది. మేటు అప్పటికే సున్నంతో గీత గీసి పోయాడు.

మేటును పిలిచారు. అతను చూశాడు. తల గోక్కున్నాడు.

"గుంట జరపొచ్చు అక్కా. కానీ ఇటు పక్కన అంతా గట్టి నేల. గరప. కొలత తగ్గితే కూలి తగ్గుతుంది. తర్వాత నన్ను అనొద్దు."

ఆ మాట తేలికైంది కాదు. ఎండలో ఒళ్ళు వంచి చేసే పని. కొలతను బట్టి కూలి. "పిట్ట గుడ్ల కోసం మన పొట్ట కొట్టుకుంటామా?" అని ఇద్దరు గట్టిగానే అన్నారు. వాళ్ళు అన్నదాంట్లో తప్పు లేదు. కాసేపు మాటా మాటా అయింది. చివరికి ఒక దారి కుదిరింది. గుంటను పది అడుగులు జరిపారు. గట్టి నేలలో వంతులవారీగా అందరూ గునపం పట్టారు. ఆ వారం కూలి కొంచెం తగ్గింది కూడా. ఆ సంగతి ఆడవాళ్ళు మరిచిపోలేదు.

గుడ్ల చుట్టూ నాలుగు కంప మండలు పాతారు. దగ్గరగా కాదు, దూరంగా. పని చేసేవాళ్ళు అటు నడవకుండా ఉండడానికి అది గుర్తు.

తీతువు ఎందుకు అరుస్తుంది?

తీతువును మీరంతా చూసే ఉంటారు. పొడుగు పసుపుపచ్చ కాళ్ళు. నల్లటి తల, రొమ్ము. పొట్ట తెలుపు. కంటి ముందు ఎర్రటి చర్మం వేలాడుతూ ఉంటుంది. చెరువు గట్ల మీద, బీళ్ళలో జంటగా తిరుగుతుంది. పురుగుల్ని ఏరుకుని తింటుంది.

ఇది చెట్టు మీద గూడు పెట్టదు. నేల మీదే గుడ్లు పెడుతుంది. మార్చి నుంచి వానల దాకా అదే దాని కాపు కాలం. నేల మీది గుడ్డుకు రక్షణ ఏముంది? కుక్క వస్తుంది. ముంగిస వస్తుంది. కాకి పైనుంచి చూస్తుంది. గొర్రెల మంద తొక్కేస్తుంది. అందుకే ఎవరు దగ్గరికి వచ్చినా తీతువు లేచి అరుస్తుంది. 'ఇటు చూడు, నా వైపు చూడు' అన్నట్టు అటూ ఇటూ ఎగురుతుంది. చూసేవాళ్ళ కన్ను గుడ్ల మీద నుంచి పక్కకు తప్పించడమే దాని పని.

రాత్రి పూట అరిచేది కూడా అందుకే. నక్కో కుక్కో చెరువులోకి వస్తే లేస్తుంది. చీకట్లో ఆ అరుపు వింటే మనకు గుండె ఝల్లుమంటుంది. ఎవరింట్లోనో మంచం మీద జబ్బు మనిషి ఉంటాడు. అతను పోతే తప్పు తీతువు మీదికి వస్తుంది.

దీనికి ఇంకో కష్టం ఉంది. ఎండ. కాలిన నేల మీద గుడ్డు ఉడికిపోదా? పోతుంది. అందుకని మిట్టమధ్యాహ్నం తీతువు గుడ్ల మీద నిలబడి నీడ పడుతుంది. ఆడది, మగది వంతులు మార్చుకుంటాయి. మడుగు దగ్గరికి పోయి పొట్ట ఈకలు తడుపుకుని వస్తాయి. ఆ తడితో గుడ్లను చల్లబరుస్తాయి. చెరువులో పని చేసే ఆడవాళ్ళు ఈ సంగతిని తమ కళ్ళతో చూశారు. "తడి పైట కప్పినట్టు కప్పుతోంది చూడు" అని మట్టిపెళ్ళ తీసినామే అంది.

పద్దు ఎలా మొదలైంది?

ఆ రాత్రి సంఘం సమావేశం. పొదుపు డబ్బులు కట్టారు. అప్పు కిస్తీలు రాసుకున్నారు. తర్వాత మాట తీతువు మీదికి మళ్ళింది. అక్కడి నుంచి కోయిల మీదికి పోయింది.

"నిరుడు కోయిల ఎప్పుడు కూసింది?" అని ఎవరో అడిగారు.

"శివరాత్రికే కూసింది."

"కాదు, ఉగాది దాటాక."

"మా చింతచెట్టు మీద సంక్రాంతి వెళ్ళగానే విన్నా."

ముగ్గురు మూడు మాటలు చెప్పారు. ముగ్గురూ గట్టిగానే చెప్పారు. సంఘం లీడరు నవ్వింది. చేతిలో పద్దు పుస్తకం ఉంది.

"నిరుడు ఎవరు ఎంత అప్పు తీసుకున్నారో అడగండి, చెప్తా. ఏ తేదీన కట్టారో చెప్తా. దాని మీద ఎవరూ పోట్లాడరు. ఎందుకంటే ఇందులో రాసి ఉంది. కోయిల సంగతి ఎక్కడ రాసి ఉంది?"

"చూసింది చాలదా? రాయాలా కూడా?" అంది ముసలామె.

"నువ్వు చూశావు పెద్దమ్మా. నీ తర్వాత ఎవరికి తెలుస్తుంది?"

అలా మొదలైంది. చివర కొన్ని కాగితాలు ఖాళీగా ఉన్న పాత నోటుబుక్కు ఒకటి దొరికింది. దాని అట్ట మీద 'పిట్టల పద్దు' అని రాశారు. అప్పుల పద్దుకు గళ్ళు ఉన్నట్టే దీనికీ గళ్ళు గీశారు. తేదీ ఒక గడి. చోటు ఒక గడి. పిట్ట పేరు ఒక గడి. ఎన్ని చూశారో ఒక గడి. ఏం చేస్తోందో చివరి గడి. వారానికి ఒకసారి సమావేశంలో ఎవరు చూసింది వాళ్ళు చెప్పాలి. రాయగలిగిన వాళ్ళు తామే రాయాలి. అక్షరాలు వంకర పోయినా ఫరవాలేదు. తేదీ మాత్రం తప్పకూడదు.

మొదటి వరస ఇది:

మే 6. చెరువు, తూర్పు పక్క. తీతువు. 2. నేల మీద 4 గుడ్లు.

రాయడంలో వచ్చిన చిక్కులు

రాయడం అనుకున్నంత సులువు కాలేదు. మొదటి చిక్కు పేర్లతోనే వచ్చింది. ఒక్కో ఊళ్ళో ఒక్కో పేరు. కోడళ్ళు వేరు వేరు ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు. పుట్టింట్లో నేర్చుకున్న పేరే నోటికి వస్తుంది. చెరువు కట్టకు బొరియ తవ్వి గుడ్లు పెట్టే చిన్న ఆకుపచ్చ పిట్ట ఒకటి ఉంది. తీగ మీద కూచుంటుంది. ఎగిరి తేనెటీగను పట్టుకుని, మళ్ళీ అక్కడికే వచ్చి, తీగకేసి కొట్టి తింటుంది. తోక మధ్యలో సూదుల్లాంటి ఈకలు ఉంటాయి. దానికి నలుగురు నాలుగు పేర్లు చెప్పారు. చివరికి పేరు గడిలో 'తేనెటీగల్ని తినే పచ్చ పిట్ట' అని రాశారు. అదే మంచి పని. పేరు తెలియకపోతే రూపం రాయాలి. రంగు, సైజు, ముక్కు, కాళ్ళు, తోక, నడిచిందా గెంతిందా. పిచ్చుకంత ఉందా, కాకంతా, కోడంతా? ఇవి రాస్తే తెలిసినవాళ్ళు తర్వాత పేరు చెప్పగలరు. తెలియని పిట్టకు తోచిన పేరు పెట్టేస్తే మాత్రం ఆ తప్పు అలాగే ఉండిపోతుంది.

అలాంటి తప్పు ఒకటి జరగబోయింది కూడా. ఒకామె వచ్చి "మా వేపచెట్టు మీద డేగ పిల్ల ఉంది" అంది. గోధుమ రంగు, ఒళ్ళంతా తెల్ల చుక్కలు, ఎర్రటి కళ్ళు. రాయబోతుండగా మరొకామె అడిగింది.

"దాని వెనక నల్ల కోయిల తిరుగుతోందా?"

"అవును, తిరుగుతోంది."

"అయితే అది డేగ కాదు. ఆడ కోయిల."

చాలామందికి ఇది కొత్త సంగతి. మనం చూసే నల్లటి కోయిల మగది. 'కుహూ కుహూ' అని పాడేదీ అదే. ఆడ కోయిల నల్లగా ఉండదు, అలా పాడదు. 'కిక్ కిక్ కిక్' అని గబగబా అరుస్తుంది. పాటల్లో కోయిలమ్మ అని మనం ఆడపేరు పెట్టుకున్నాం. పేరు ఆడదానిది, పాట మగదానిది!

కోయిల గూడు కట్టదు. కాకి గూట్లో గుడ్డు పెడుతుంది. ఎండాకాలం కాకులు గూళ్ళు కట్టే కాలం. కోయిల కూతలు అప్పుడే ఎక్కువ కావడానికి అది ఒక కారణం. కోయిల పిల్ల కాకి పిల్లల కంటే ముందే గుడ్డులోంచి బయటికి వస్తుంది. కాకే మేత పెట్టి పెంచుతుంది.

రెండో చిక్కు లెక్కతో వచ్చింది. మూడు రోజులు వరసగా ముగ్గురు ఒకే తాడిమోడు దగ్గర పాలపిట్టను చూశారు. పద్దులో మూడు పాలపిట్టలు అయ్యాయి. లీడరు ఒప్పుకోలేదు.

"ఒకే ఆవును మూడు రోజులు చూస్తే మూడు ఆవులు అవుతాయా?"

అప్పటి నుంచి ఒక నియమం పెట్టుకున్నారు. ఒక చోట ఒక్కసారిగా ఎన్ని కనిపిస్తే అన్నే రాయాలి. మరుసటి రోజు చూస్తే అది వేరే వరస. రెండూ కలపకూడదు. ఇంకో మాట కూడా రాసుకున్నారు. వెతికినా కనపడకపోతే 'లేదు' అని రాయాలి. మొదట ఇది అందరికీ నవ్వులాట అయింది. లేనిదాన్ని రాయడం ఏమిటి? కానీ ఒక పిట్ట తగ్గిపోయిందని ఎలా తెలుస్తుంది? 'ఉంది', 'లేదు' రెండూ రాసి ఉంటేనే తెలుస్తుంది.

ఒక పిట్ట మన మాటతో లోకమంతా తిరిగింది

మే 11 నాటి వరస పొడుగ్గా ఉంది. ఆ రోజు తెల్లవారుజామున ఒక ఇంటి వసారాలో, రోలు పక్కన, ఒక పిట్ట కూచుని ఉంది. లేవలేకపోతోంది. పిల్లి చూస్తోంది. ఆ ఇంటామె పిల్లిని తరిమింది. పిట్ట మీద గంప బోర్లించింది. పైన గుడ్డ కప్పింది. సాయంత్రం దాకా ఎవర్నీ గంప ఎత్తనివ్వలేదు. ఎండ తగ్గాక గంపను తోటలో పెట్టి మూత తీసింది. పిట్ట రెండు గెంతులు గెంతి, ఎగిరిపోయింది.

పద్దులో ఇలా రాసింది: 'తెలియని పిట్ట. 1. గోరింక కంటే చిన్నది. తోక బొత్తిగా లేనట్టుంది. వీపు ఆకుపచ్చ. రెక్క మీద నీలం. తోక కింద ఎరుపు. కంటి మీదుగా నల్ల పట్టీ.'

బడిలో పంతులమ్మ గారి దగ్గర పిట్టల బొమ్మల పుస్తకం ఉంది. ఆ రాతను, బొమ్మను పక్కపక్కన పెట్టి చూశారు. సరిపోయింది. అది పొన్నంకి పిట్ట. ఉత్తరాది వాళ్ళు నవరంగ్ అంటారు. తొమ్మిది రంగులది అని.

ఈ పిట్ట చలికాలం దక్షిణాన, శ్రీలంకలో గడుపుతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఉత్తరంగా బయలుదేరుతుంది. మధ్య భారతం అడవుల్లో, హిమాలయాల కింది అడవుల్లో వానాకాలం పిల్లల్ని చేస్తుంది. రాత్రిళ్ళు ప్రయాణం చేస్తుంది. అలిసిపోయి ఊళ్ళలో, ఇళ్ళలో పడిపోవడం మామూలే. అలా పడినప్పుడు కావలసింది మందూ మాకూ కాదు. నీడ, చీకటి, నిశ్శబ్దం. పిల్లికి, కాకికి అందకుండా ఉంచితే చాలాసార్లు అదే తేరుకుంటుంది. గంప బోర్లించినామె తెలియకుండానే సరైన పని చేసింది.

ఈ పిట్ట గురించి ఇంకో ముచ్చట. ప్రపంచంలో శాస్త్రవేత్తలు ప్రతి ప్రాణికీ ఒక శాస్త్రం పేరు పెడతారు. అన్ని దేశాల్లోనూ ఆ పేరు ఒక్కటే. 1816లో ఫ్రాన్సు దేశపు శాస్త్రవేత్త వీయో ఈ జాతి పిట్టలకు పేరు పెట్టాడు. ఏం పేరు పెట్టాడో తెలుసా? 'పిట్ట'! మనం రోజూ అనే మాటే. తెలుగు నుంచి తీసుకున్న మాట. ఇంగ్లీషువాళ్ళూ ఈ జాతిని పిట్ట అనే అంటారు. సమావేశంలో ఇది చదివి వినిపిస్తే ముసలామె చాలాసేపు నమ్మలేదు.

పాలపిట్ట ఏమవుతోంది?

పాలపిట్ట అందరికీ తెలుసు. దసరా నాడు దాన్ని చూస్తే శుభం అంటారు. తెలంగాణ రాష్ట్ర పక్షి కూడా అదే. కూచుంటే మట్టి రంగులో ఉంటుంది. రెక్క విప్పితే నీలం మెరుస్తుంది. ఎండాకాలం మొదట్లో మగ పాలపిట్ట పైకి ఎగిరి, గిరికీలు కొడుతూ, అరుస్తూ కిందికి దూకుతుంది. ఆడదాన్ని మెప్పించడానికి అదంతా. తాడిమోడు తొర్రలో, పాత చెట్ల తొర్రల్లో గుడ్లు పెడుతుంది. మిడతల్ని, పురుగుల్ని తింటుంది. రైతుకు చుట్టం లాంటిది.

"నా చిన్నప్పుడు ప్రతి కరెంటు తీగ మీదా ఒకటి ఉండేది" అని ఒకామె చెప్పింది. మే నెల మొత్తం పద్దు తిరగేస్తే ఒక్క తాడిమోడు దగ్గర తప్ప ఎక్కడా పాలపిట్ట లేదు. ఆ మోడును కూడా వంటచెరుకుకు కొట్టాలని అనుకుంటున్నారు.

ఇది ఆ ఒక్క ఊరి మాటేనా? కాదు. 2023లో మన దేశపు పక్షుల స్థితి మీద ఒక పెద్ద నివేదిక వచ్చింది. 942 జాతుల పిట్టల్ని అందులో పరిశీలించారు. పాలపిట్ట దేశంలో బాగా తగ్గుతోందని అందులో తేలింది. ఈ సంగతి ఎలా తెలిసింది? ఆఫీసర్లు ఊరూరా తిరిగి లెక్క పెట్టారా? లేదు. సుమారు 30 వేల మంది మామూలు మనుషులు తాము చూసిన పిట్టల్ని తేదీతో, చోటుతో రాసిపెట్టారు. అలా 3 కోట్ల వరసలు పోగయ్యాయి. ఉద్యోగులు, విద్యార్థులు, టీచర్లు, రైతులు ఎవరైనా రాయవచ్చు. వాళ్ళు రాసిందీ ఈ సంఘం రాసిందీ ఒకటే: తేదీ, చోటు, పేరు, ఎన్ని. వాళ్ళు ఫోన్లలో, కంప్యూటర్లలో రాస్తే వీళ్ళు నోటుబుక్కులో రాశారు.

పద్దు చదివాక తాడిమోడు గలామెతో మాట్లాడారు. పిల్లలు ఎగిరిపోయేదాకా మోడును కొట్టనని ఆమె ఒప్పుకుంది. తర్వాత కొడుతుందా లేదా అన్నది ఇంకా తేలలేదు.

దసరాకు పాలపిట్టను పట్టి, పంజరంలో పెట్టి, డబ్బులు తీసుకుని చూపించేవాళ్ళు కొందరున్నారు. కాళ్ళకు తాడు కట్టి, రెక్కలకు జిగురు పూసి తెస్తారు. చాలా పిట్టలు చచ్చిపోతాయి. 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం అది నేరం. శుభం కోసం చూడాలంటే చేను గట్టు మీద చూడాలి.

పిట్టల్ని చూసి రాసినవాళ్ళు

పిట్టల్ని చూసి రాసుకునేవాళ్ళు ఇప్పుడు కొత్తగా పుట్టలేదు. సలీం అలీ అనే ఆయన 1931, 32లో అప్పటి నిజాం రాజ్యమంతా తిరిగి పక్షుల వివరాలు రాశారు. 1980లో హైదరాబాదులో పక్షుల్ని చూసేవాళ్ళంతా కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. కలిసి చెరువులకు పోయేవారు. చూసినవి రాసి, తమ పత్రికలో అచ్చు వేసుకునేవారు. ఆ పత్రికకు తర్వాత పెట్టిన పేరు కూడా 'పిట్ట'!

ఆడవాళ్ళలో జమాల్ ఆరా పేరు చెప్పుకోవాలి. 1923లో బీహారులో పుట్టారు. చదివింది పదో తరగతి వరకే. రాంచీలో ఉంటూ చుట్టుపక్కల అడవులన్నీ తిరిగారు. చూసిన పిట్టల గురించి శ్రద్ధగా రాసిపెట్టారు. ఆమె రాతలను పెద్ద పెద్ద పక్షి శాస్త్ర పత్రికలు అచ్చు వేశాయి. పిట్టల్ని చూడడం ఎలాగో పిల్లలకు చెబుతూ 1970లో ఒక పుస్తకం రాశారు. నేషనల్ బుక్ ట్రస్ట్ దాన్ని ప్రచురించింది. మన దేశపు మొదటి పక్షి శాస్త్రజ్ఞురాలు అని ఆమెను చాలామంది అంటారు.

చాతక పక్షి సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. నలుపు, తెలుపు రంగులు. నెత్తి మీద జుట్టు. వాన చినుకులు తప్ప నీళ్ళు తాగదని మనవాళ్ళ నమ్మకం. అది నిజం కాదు. గొంగళి పురుగులు తిని బతికే మామూలు పిట్టే. కానీ వానకూ దానికీ సంబంధం ఉన్న మాట నిజం. ఆఫ్రికా నుంచి సముద్రం దాటి, నైరుతి గాలులతో పాటు మన దేశానికి వస్తుంది. 2007లో మన దేశంలో వలస పిట్టల లెక్క ఒకటి మొదలైంది. తర్వాత అందులో చాతకాన్ని కూడా చేర్చారు. 'మీ ఊళ్ళో ఈ ఏడు చాతకాన్ని మొదటిసారి ఏ తేదీన చూశారు?' ఇదే ప్రశ్న. దేశం నలుమూలల నుంచీ జనం తేదీలు పంపారు. వాటిని వాన వచ్చిన తేదీలతో పోల్చి చూశారు. దక్షిణాదిలో కొన్ని చాతకాలు ఏడాది పొడుగునా ఇక్కడే ఉంటాయి. కాబట్టి మన దగ్గర ఒక్కసారి చూసి 'వాన వస్తోంది' అనుకోవడానికి లేదు. ఏడాదంతా రాస్తేనే ఏది స్థానికం, ఏది వలసదో కొంత తెలుస్తుంది.

వలస అనగానే 'సైబీరియా నుంచి వచ్చాయి' అనడం ఒక అలవాటైపోయింది. శ్రీకాకుళం జిల్లా ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచి అనే ఊరుంది. ఎండాకాలం చివర, జూన్ నెలలో, అక్కడికి గుంపులు గుంపులుగా కొంగలు వస్తాయి. ముక్కు మూసినా మధ్యలో సందు ఉంటుంది. పొలాల్లో నత్తల్ని పట్టి తింటాయి. ఇళ్ళ మధ్య చెట్ల మీదే గూళ్ళు కడతాయి. వానలు తెచ్చే చుట్టాలని ఊరివాళ్ళు వాటిని కాపాడతారు. రెట్టల వాసన భరిస్తారు. అంత మంచి ఊరు! కానీ ఆ కొంగలు సైబీరియావి కావు. మన దేశంలో, చుట్టుపక్కల దేశాల్లో ఉండేవే. దూరం నుంచి వస్తేనే గొప్పా? పక్క జిల్లా నుంచి వచ్చినా చుట్టం చుట్టమే.

మళ్ళీ చెరువు దగ్గర

మే నెల చివరికి వచ్చేసరికి పద్దులో తొమ్మిది కాగితాలు నిండాయి. ఒక రోజు లీడరు పాత వరసలు తిరగేస్తూ ఒక లెక్క తీసింది. ముసలామెకు రాత్రి నిద్ర తక్కువ. తీతువు అరిచిన రాత్రుల్ని ఆమె చెబుతుంటే కోడలు రాసింది. మొత్తం 11 రాత్రులు.

"అత్తా, ఈ 11 రాత్రుల్లో మన ఊళ్ళో ఎవరైనా పోయారా?"

ముసలామె ఆలోచించింది. ఎవరూ పోలేదు. ఒక ఇంట్లో మాత్రం ఆడపిల్ల పుట్టింది.

"మీ మామ పోయిన రాత్రి అరిచింది. నేను విన్నాను" అంది ముసలామె.

"విన్నావు అత్తా. కాదనను. దానికి ముందు రాత్రి అరిచిందా లేదా? అంతకు ముందు?"

ముసలామె జవాబు చెప్పలేదు. మర్నాడు మాత్రం కూలివాళ్ళ కంటే ముందు చెరువుకు పోయింది. కట్ట మీద కూచుంది. గొర్రెల మంద ఒకటి మడుగు వైపు వస్తోంది. గుడ్లు ఉన్నది మంద దారిలోనే. ముసలామె లేచి, కర్ర ఊపి కేకలు పెట్టింది.

"అబ్బాయా, మందను అటు తిప్పు! ఇక్కడ బాలింత ఉంది!"

గొర్రెల కాపరికి ఏమీ అర్థం కాలేదు. అయినా మందను తిప్పాడు.

మే 29న గుడ్లు పగిలాయి. తీతువు పిల్లలు గూట్లో కూచోవు. ఒళ్ళు ఆరగానే కాళ్ళ మీద నిలబడి నడుస్తాయి. తల్లి అరిస్తే ఉన్న చోటనే నేలకు అతుక్కుపోతాయి. రెండడుగుల దూరంలో ఉన్నా కనపడవు. ఆ రోజు లెక్క పెట్టడానికి ఆడవాళ్ళకు అరగంట పట్టింది. నాలుగో గుడ్డు అలాగే ఉండిపోయింది.

ముసలామె చదువుల కేంద్రంలో అందరి కంటే ఆలస్యంగా చేరింది. అప్పటి దాకా పద్దులో తన చేత్తో ఏమీ రాయలేదు. ఆ రాత్రి పెన్ను అడిగి తీసుకుంది. ఒక్కో అక్షరం పైకి చదువుకుంటూ రాసింది. 'తీతువు'లో కొమ్ము పెట్టడం మరిచిపోతే కోడలు చెప్పింది. పద్దులో ఆమె చేతి వరసలు మూడు ఉన్నాయి:

మే 29. చెరువు. తీతువు 2. పిల్లలు 3. ఒక గుడ్డు పొదగలేదు.

జూన్ 2. చెరువు. తీతువు 2. పిల్లలు 2. ఒకటి కనపడలేదు. కాకి తిరుగుతోంది.

జూన్ 14. వాన పడింది. తీతువు 2. పిల్లలు 2. కాళ్ళు పొడుగయ్యాయి. ఇంకా ఎగరలేదు.